స్థాని లేని చోట ఆదేశం

నిరుడు చలికాలం మిషిగన్‌లో మా అమ్మాయి ఇంట్లో గడిపాను. గుమ్మం ముందు మోకాలి లోతు మంచు, సాయంత్రం అయిదు దాటితే చీకటి. నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న నాబోటివాడికి అక్కడ పొద్దుపోవడం కష్టమే. నా అవస్థ గమనించాడు కాబోలు, పదమూడేళ్ళ మా మనవడు ఒక రాత్రి భోజనాలయ్యాక ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేకాటలాంటిదే అన్నాడు. పేకాట నాకు కొత్తేమిటి అనుకుంటూ కుర్చీ దగ్గరకు లాక్కున్నాను.

"ఇందులో మనిద్దరం ఒకే జట్టు, తాతయ్యా."

"మరి ఎదుటి జట్టు?"

"ఉండదు."

"అయితే గెలిచేది ఎవరి మీదరా?"

వాడు బల్ల మీది కార్డుల దొంతర చూపించాడు. "వీటి మీద."

ఆ ఆట పేరు ఆర్కమ్ హారర్: ది కార్డ్ గేమ్. నేట్ ఫ్రెంచ్, మాథ్యూ న్యూమన్ అనే ఇద్దరు దీన్ని రూపొందించగా, ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అనే అమెరికన్ సంస్థ 2016లో వెలువరించింది. హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ (1890-1937) కథల్లో వచ్చే ఆర్కమ్ అనే కల్పిత నగరం దీనికి రంగస్థలం. 1920ల నాటి కాలం. ఆటగాళ్ళు పరిశోధకుల పాత్రలు ధరించి, పిశాచాలతో పోరాడుతూ, ఆచూకీలు సేకరిస్తూ కథను ముందుకు నడపాలి. ప్రతి కార్డు మీదా అది ఏం చేయగలదో రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంటుంది. ఒక ఘట్టంలో తగిలిన గాయం తరువాతి ఘట్టానికి వెంట వస్తుంది.

ఈ వ్యాసానికి కారణం అలాంటి రెండు వాక్యాల మధ్య వచ్చిన పేచీ.

*

నా పాత్ర రోలండ్ బ్యాంక్స్ అనే ఫెడరల్ ఏజెంటు. శత్రువును మట్టుపెట్టిన తరువాత, తానున్న చోట ఒక ఆచూకీ కనుగొనగలగడం అతని ప్రత్యేకత. రౌండుకు ఒకసారి మాత్రమే. అతనికొక బలహీనత కూడా ఉంది. దాని పేరు కవర్ అప్, అంటే కప్పిపుచ్చడం. ఆ కార్డు వచ్చిందంటే మూడు ఆచూకీలను నెత్తిన పెట్టుకుని మన ముందు తిష్ఠ వేస్తుంది. మనమున్న చోట ఆచూకీలు కనుగొనబోయేటప్పుడు, వాటికి బదులుగా అన్ని ఆచూకీలను ఈ కార్డు మీది నుంచి తీసివేయవచ్చు. ఆట ముగిసేనాటికి దాని మీద ఒక్కటి మిగిలినా రోలండ్ మనసుకు మాయని గాయమవుతుంది. ఆపైన ప్రతి ఘట్టాన్నీ ఒక భయపు గుర్తుతో ప్రారంభించాలి. రోలండ్ మనోబలం మొత్తం అయిదు. అందులో మొదటే ఒకటి పోవడం చిన్న నష్టం కాదు.

మొదటి ఘట్టం చివరికొచ్చింది. నా కార్డు మీద ఒకే ఒక్క ఆచూకీ మిగిలింది. నేను నడవలో ఉన్నాను. ఆ నడవ అనే స్థలానికి ఆచూకీలు పుట్టుకతోనే సున్నా. అక్కడ ఒక చిల్లర పిశాచాన్ని చంపాను. వెంటనే రోలండ్ ప్రత్యేకతను వాడుకుని, కవర్ అప్ మీది చివరి ఆచూకీని తీసెయ్యబోయాను.

"తాతయ్యా, నడవలో క్లూ ఉందా?" అని అడిగాడు వాడు.

"లేదు. ఉండనవసరం లేదు. నేను తీస్తున్నది నడవలోంచి కాదుగా, కార్డు మీంచి."

"అక్కడ లేనప్పుడు ఇంక దేనికి బదులు?"

నేను ఊరుకోలేదు. వృత్తి అలవాటు. వాక్యంలో 'బదులు' అన్న తరువాత తీసివేత ఒక్కటే జరుగుతుందనీ, జరగని పనికి సామగ్రి ఎందుకనీ వాదించాను. అర్థం రెండు విధాలా పొసగుతున్నప్పుడు మనకు మేలయినది తీసుకుందామన్నాను. వాడు నియమావళిలో ఒక చోటు తీసి చూపించాడు. నియమాల మధ్య సందేహం వచ్చి, ఎంత వెదికినా సమాధానం దొరక్కపోతే, ఆ క్షణాన ఆటగాళ్ళ గెలుపుకు ఏ అర్థం ఎక్కువ చెరుపు చేస్తుందని వాళ్ళకు తోస్తుందో దాన్నే తీసుకుని ముందుకు సాగాలని అక్కడి సారాంశం. దీన్ని గ్రిమ్ రూల్ అంటారట. నేను గడ్డునియమం అని పేరు పెట్టుకున్నాను.

"ఇక్కడ ఎవరు చూడొచ్చార్రా?" అన్నాను, నవ్వుతూనే.

"చూడ్డానికి ఎవరూ లేరనే కదా తాతయ్యా, ఆ రూలు పెట్టింది."

ఆ రాత్రి కార్డులు బల్ల మీద అలాగే వదిలేసి పడుకున్నాము. నాకు నిద్ర పట్టలేదు. చిన్నవాడితో వాదనలో ఓడినందుకు కాదు. వాడన్న మాట నిజమేనా, ఆటల చరిత్రలో ఇలాంటి నియమం ఇప్పుడే ఎందుకు పుట్టవలసి వచ్చింది అన్న ఆలోచన పట్టుకుంది.

*

నా చిన్నతనంలో మా ఊళ్ళో సంక్రాంతి రోజులంతా అరుగుల మీద తురుపాట సాగేది. నలుగురు, రెండు జట్లు. ఆట నియమాలు రాసిన పుస్తకం ఎవరూ చూడలేదు. అయినా నియమం తప్పేది కాదు. ఎందుకంటే ఒక జట్టు తప్పితే రెండో జట్టు చొక్కా పట్టుకునేది. భాగస్వామికి తురుపు రంగు తెలియడానికి చెవి గోక్కున్న ఒకాయన ఆ పండగ మూడు రోజులూ అరుగెక్కలేకపోయాడు.

ఇంగ్లండులో విస్ట్ ఆట చరిత్ర చూస్తే ఇదే సంగతి శాసనరూపంలో కనిపిస్తుంది. ఎడ్మండ్ హోయల్ 1742లో లండనులో విస్ట్ మీద చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆ తరువాత వందేళ్ళకు పైగా పేకాటలో పేచీ వస్తే హోయల్ ఏమన్నాడన్నదే ప్రమాణం. 1864లో జాన్ లోరెయిన్ బాల్డ్విన్ సంపాదకత్వంలో కొత్త నియమావళి వచ్చింది. లండనులోని ఆర్లింగ్టన్, పోర్ట్‌లండ్ క్లబ్బులు దాన్ని ఆమోదించాయి.

ఆ నియమావళిలో ఒక విశేషముంది. అడిగిన రంగు ముక్క చేతిలో ఉంచుకుని వేరే రంగు వేస్తే, శిక్ష ఏమిటో ఎంచుకునే హక్కు ఎదుటి జట్టుది. తప్పు చేసినవాళ్ళ పట్లు మూడు లాక్కోవచ్చు, వాళ్ళ లెక్కలోంచి మూడు కొట్టివేయవచ్చు, లేదా తమ లెక్కకు మూడు కలుపుకోవచ్చు. అంటే తప్పును పట్టేవాడు, శిక్షను ఎంచేవాడు, దానివల్ల లాభపడేవాడు ఒక్కడే. మన ఊరి అరుగుల మీద జరిగినదీ ఇదే. ధర్మం నిలబడింది ప్రత్యర్థి లోభం మీద. వినడానికి బాగులేదు గాని, ఏర్పాటు మాత్రం గట్టిది.

అదే ఆటలో భాగస్వామికి ఒక చిన్న వెసులుబాటు ఉండేది. తన జట్టువాడు వేరే రంగు వేసినప్పుడు, అడిగిన రంగు నీ దగ్గర నిజంగా లేదా అని అతన్ని ప్రశ్నించవచ్చు. ఎదుటివాడు పట్టుకోకముందే తనవాణ్ణి తప్పు నుంచి తప్పించే ప్రశ్న అది. దీన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని మనవి.

*

ప్రత్యర్థి కాక నియమాన్ని కాపాడే మరో మనిషి కూడా చరిత్రలో ఉన్నాడు. అతడు తీర్పరి. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ తన యుద్ధక్రీడ నియమాలు ప్రకటించాడు. పటం మీద దళాలు నడపడం ఇద్దరి పని, ఫలితం తేల్చడం తీర్పరి పని. నియమాలు పెరిగి పెరిగి మోయలేని బరువయ్యాక, 1876లో వెర్డీ డు వెర్నువా అనే మరో ప్రష్యన్ అధికారి నియమాలను చాలావరకు పక్కకు పెట్టి, తీర్పరి అనుభవాన్నే ప్రమాణం చేశాడు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కూడా సందేహం వస్తే తీర్చడానికి బల్ల దగ్గర ఒక మనిషి ఉన్నాడు. లవ్‌క్రాఫ్ట్ కథలను శాండీ పీటర్సన్ 1981లో ఆటగా మలిచినప్పుడు ఆ మనిషిని కీపర్ అన్నారు.

1987లో రిచర్డ్ లానియస్ రూపొందించిన ఆర్కమ్ హారర్ అనే బల్ల ఆట వచ్చింది. ఇందులో ఆటగాళ్ళందరూ ఒకే పక్షం. కీపర్ లేడు. పిశాచాలను పంపేది, ద్వారాలు తెరిచేది కార్డులూ పాచికలూ. మా మనవడు తెచ్చిన ఆటకు ఇది తాతవంటిది. ఇక్కడే ప్రత్యర్థి, తీర్పరి ఇద్దరూ ఒకేసారి బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయారు. ఒంటరిగా ఆడుకునే పేకాటలోనూ వాళ్ళిద్దరూ లేరు, నిజమే. కాని అక్కడ మోసం చేసినా మోసపోయేది తనొక్కడే. ఇక్కడ నలుగురు కలిసి, మాట్లాడుకుని, సమ్మతితో తప్పు చేయవచ్చు. అందరూ ఒప్పుకున్న తప్పు తప్పులా కనపడదు.

ఇదే కాలంలో రెండో మార్పు ఒకటి వచ్చింది. పాత పేకలో యాభై రెండు ముక్కలకూ సొంత మాట లేదు. నియమం పుస్తకంలో ఉండేది, ముక్క మూగది. 1977 నాటి కాస్మిక్ ఎన్‌కౌంటర్‌లో ఒక్కో ఆటగాడికి ఒక్కో నియమాన్ని ధిక్కరించే శక్తి ఇచ్చారు. దాని ప్రభావంతో రిచర్డ్ గార్‌ఫీల్డ్ 1993లో మ్యాజిక్: ద గ్యాదరింగ్ తయారుచేశాడు. అక్కడ ప్రతి కార్డూ ఒక చిన్న శాసనం. కార్డు మాట పుస్తకం మాటను కొట్టేస్తుంది. మరి రెండు కార్డులు ఒకదాన్నొకటి కొట్టేస్తే? ఆ చిక్కులు ఎంతగా ముదిరాయంటే, 1999లో ఆరో కూర్పు నాటికి ఫలితాల వరుసను తేల్చే పద్ధతినే మార్చవలసి వచ్చింది. చివర వేసినది ముందు ఫలించేలా ఒకదానిమీదొకటి పేర్చే ఏర్పాటు అప్పుడు వచ్చినదే. అయితే మ్యాజిక్‌లో ఎదురుగా ప్రత్యర్థి ఉన్నాడు, పోటీల్లో న్యాయనిర్ణేతలున్నారు.

2000లో రైనర్ క్నిజియా చేసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ బల్ల ఆట, 2008లో మాట్ లీకాక్ చేసిన పాండెమిక్ సహకార క్రీడను ఇంటింటికీ తెచ్చాయి. 2011లో నేట్ ఫ్రెంచ్ చేసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ కార్డు ఆటలో, మాట్లాడే కార్డులూ ప్రత్యర్థి లేని బల్లా ఒకచోట చేరాయి. అయిదేళ్ళకు ఆర్కమ్ వచ్చింది. వందల కార్డులు, ప్రతి కార్డుకూ నోరు, తీర్పు చెప్పేవాడు లేడు, తప్పు పట్టేవాడు లేడు. గడ్డునియమం పుట్టినచోటు ఇది. మనవడు ఒక్క ముక్కలో చెప్పినది తేల్చుకోవడానికి నాకు ఒక రాత్రి పట్టింది.

*

అయితే ఆ నియమం చిట్టచివరిది. దానికి ముందు వెదకవలసిన దారులున్నాయి. ఆ దారులు నాకు పరిచయమైనవే కావడం ఆశ్చర్యం కలిగించింది. ఆట చేసినవాళ్ళు పాణినిని చదివారని నేననను. నియమాలు సూత్రాల్లా కుదించి రాసిన ప్రతిచోటా చదివేవాడికి ఒకే రకం చిక్కులు వస్తాయి, ఒకే రకం ఉపాయాలు తోస్తాయి.

మొదటిది సంజ్ఞ. వృద్ధి అంటే లోకంలో పెరుగుదల, వ్యాకరణంలో ఆ, ఐ, ఔ అనే అచ్చులు. శాస్త్రంలోకి వచ్చాక లోకార్థం పనికిరాదు. ఆటలో డిసొనెంట్ వాయిసెస్ అనే కార్డు ఉంది. అది పట్టిన పరిశోధకుడు ఆ రౌండు ముగిసేదాకా సాధనాలను గాని ఘటనలను గాని 'ఆడ'కూడదు. చేతిలో కార్డు కదపకూడదనే నేను అనుకున్నాను. కాని అక్కడ 'ఆడుట' అనేది సంజ్ఞ. పరీక్షలో బలం చేకూర్చడానికి అదే కార్డును జతచేయడం 'ఆడుట' కిందికి రాదు. కనుక ఆ నిషేధం దానికి తగలదు.

రెండవది ఉత్సర్గాపవాదాలు. సామాన్య నియమాన్ని విశేష నియమం బాధిస్తుంది. పుస్తకం ఒకటి చెప్పి, కార్డు నేరుగా దానికి విరుద్ధంగా చెబితే కార్డుదే పైచేయి. దీన్ని ఆటలో బంగారు నియమం అంటారు. అయితే కార్డు మీద 'కూడదు' అని ఉంటే ఆ నిషేధం తిరుగులేనిది. చేయవచ్చునని చెప్పే మరో కార్డు దాన్ని దాటలేదు.

మూడవది క్రమం. పిశాచం మీద పడి ఉండగా, పోరాడటమో తప్పించుకోవడమో వంటి కొన్ని పనులు తప్ప వేరే పనికి పూనుకుంటే, అది సందు చూసి కొడుతుంది. ఆ దెబ్బ ఎప్పుడు పడుతుంది? పనికి మూల్యం చెల్లించిన తరువాత, ఫలం దక్కకముందు. నేను అయిదు నాణేలు పోసి డైనమైటు వేయబోతే, డబ్బు పోయింది, దెబ్బ పడింది, ఆ తరువాతే అది పేలింది. మూల్యం, దెబ్బ, ఫలం. ఈ వరుస తెలియక మొదట్లో మనవణ్ణి చాలా విసిగించాను.

నాలుగవది, నా పేచీకి మూలమైనది, ఆదేశం. బడిలో తెలుగు సంధులు చదివినవారందరికీ ఆగమం, ఆదేశం తెలుసు. 'మా' పక్కన 'అమ్మ' చేరితే నడుమ యకారం వచ్చి 'మాయమ్మ' అవుతుంది. ఎవరినీ కదపకుండా పక్కన చేరింది కనుక ఆగమం మిత్రుడు. 'వాడు' పక్కన 'కొట్టె' వస్తే కకారాన్ని తోసివేసి ఆ స్థానంలో గకారం కూర్చుని 'వాడుగొట్టె' అవుతుంది. ఉన్నవాణ్ణి లేపి కూర్చుంది కనుక ఆదేశం శత్రువు. తోసివేయబడిన అక్షరాన్ని స్థాని అంటారు.

కార్డుల్లోనూ ఈ రెండూ ఉన్నాయి. డిడక్షన్ అనే కార్డు జతచేసి పరిశోధనలో నెగ్గితే, దొరికే ఆచూకీకి మరొకటి అదనంగా దొరుకుతుంది. అది ఆగమం. కవర్ అప్ చెప్పే 'బదులు' ఆదేశం. ఆచూకీ కనుగొనడం స్థాని, కార్డు మీద ఆచూకీ తీసివేయడం ఆదేశం. ఒకచోట రెండు ఆచూకీలుండి, డిడక్షన్ సాయంతో రెండూ దొరకబోతుంటే, ఆ రెండింటికి బదులు కార్డు మీంచి రెండు తీయవచ్చు. ఆ చోట అసలు ఆచూకీయే లేకపోతే కనుగొనబోవడం అన్నది లేదు. స్థాని లేదు. స్థాని లేని చోట ఆదేశం ఎక్కడిది? కకారమే లేని మాటలో గకారాదేశం చేయబోయిన విద్యార్థిని నేను క్లాసులో ఎన్నిసార్లు నిలబెట్టి ఉంటానో లెక్కలేదు. నలభై ఏళ్ళు చెప్పిన పాఠం, నా ఆచూకీ ఒకటి మిగిలేసరికి మరిచిపోయాను. తెల్లవారుజామున పక్కమీద ఈ సంగతి తట్టినప్పుడు చీకట్లో ఒక్కణ్ణే సిగ్గుపడ్డాను.

పొద్దున్న మనవడు కూడా నియమావళిలో ఒక చోటు గుర్తుపెట్టుకుని వచ్చాడు. ఒక శక్తిని వాడాలంటే, అది తనంతట తాను ఆటస్థితిలో ఏదైనా మార్పు తేగలిగి ఉండాలి. ఇతర కార్డుల కలయికవల్ల వచ్చే మార్పు లెక్కలోకి రాదు. ఖాళీ నడవలో రోలండ్ ప్రత్యేకత తనంతట తాను ఏమీ తేలేదు. కనుక దాన్ని మొదలుపెట్టడానికే వీల్లేదు. పేచీ గడ్డునియమం దాకా వెళ్ళనవసరం లేకుండానే తేలిపోయింది.

నేను ఇంకొక ప్రయత్నం చేశానని కూడా ఒప్పుకోవాలి. గాయం తగిలేది 'ఆట ముగిసినప్పుడు' కదా, ముందుగానే విరమించుకుని బయటపడితే నాకు ఆట ముగియనట్టే కదా అన్నాను. దానికీ సమాధానముంది. తొలగిపోయిన పరిశోధకుడి విషయంలో, అతని బలహీనతల మట్టుకు ఆట అప్పుడే ముగిసినట్టు లెక్క. రాసినవాళ్ళు నాబోటివాళ్ళను ముందే ఊహించారు.

*

దారులన్నీ మూసుకున్నాక మిగిలే సందేహం మాటేమిటి? మన శాస్త్రాలు దీన్ని చాలా కాలంగా ఆలోచించాయి. సమానబలం గల రెండు నియమాలు ఒకేచోట ఢీకొంటే పరమైనది చేయాలని పాణిని చెప్పాడు. పరమంటే గ్రంథంలో తరువాత వచ్చే సూత్రమని తరతరాల వ్యాఖ్యాతలు చెప్పుకున్నారు. 2022లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఋషి రాజ్‌పోపట్, పరమంటే పదంలో కుడివైపు భాగానికి వర్తించే సూత్రమని ప్రతిపాదించాడు. పండితులందరూ ఒప్పుకోలేదు. ఆ వివాదంలో ఎవరిది సరి అన్నది ఇక్కడ నాకు ముఖ్యం కాదు. నియమాల తగవు తీర్చే నియమానికి కూడా అర్థం చెప్పవలసిన అవసరం వస్తుంది, అది రెండువేల ఏళ్ళు దాటినా తీరకపోవచ్చు.

మీమాంసకులు శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అని ఆరు ప్రమాణాలను వరుసగా పెట్టి, ముందుది వెనకదానికంటే బలవత్తరమన్నారు. రెండు వాక్యాలు ఎంతకూ పొసగకపోతే వికల్పం ఒప్పుకున్నారు. వడ్లతోనైనా యవలతోనైనా యాగం చేయవచ్చు అన్నది దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. కాని వికల్పానికి ఎనిమిది దోషాలు లెక్కపెట్టి, గత్యంతరం లేనప్పుడే దాన్ని పట్టాలన్నారు. ఈ రోజు వడ్లు తీసుకుంటే యవలు చెప్పిన వాక్యాన్ని కాదన్నట్టు, రేపు యవలు తీసుకుంటే నిన్న కాదన్నదాన్ని ఔనన్నట్టు. బల్ల దగ్గర కూడా అంతే. రెండర్థాలనూ ఉంచుకుని అవసరాన్ని బట్టి ఒకటి వాడుకునేవాళ్ళకు నియమం లేదు, సౌకర్యమే ఉంది.

ధర్మానికి మూలాలను చెబుతూ మనుస్మృతి వేదం, స్మృతి, సజ్జనుల ఆచారం తరువాత చివరగా ఆత్మతుష్టిని పేర్కొంటుంది. ఎవరి ఆత్మ, ఎలాంటి తుష్టి అని వ్యాఖ్యాతలు దానికి హద్దులు పెట్టుకుంటూ వచ్చారు. మనసుకు నచ్చినదే ధర్మమని ఎవడైనా అనగలడని వాళ్ళ భయం. గడ్డునియమం ఈ చివరి మెట్టు దగ్గర ఎదురుదారి పట్టింది. సందేహంలో మనసుకు తృప్తినిచ్చే అర్థం కాదు, క్లేశమిచ్చే అర్థం తీసుకోమంటుంది. న్యాయస్థానంలో సందేహఫలం ముద్దాయికి చెందుతుంది. అక్కడ అతనికి ఎదురుగా ప్రభుత్వమంతటి బలం నిలబడి ఉంది కనుక అది న్యాయం. ఇక్కడ ముద్దాయీ మనమే, న్యాయాధిపతీ మనమే. సందేహఫలం మనకే ఇచ్చుకుంటే అది న్యాయం కాదు, బంధుప్రీతి.

అలాగని ఈ నియమానికి లోపం లేదనను. ఏది ఎక్కువ చెరుపు అన్నది తేల్చవలసింది మళ్ళీ ఆ ఆటగాళ్ళే. వాళ్ళు తమకు తాము అబద్ధం చెప్పుకోదలచుకుంటే గడ్డునియమం కూడా ఆపలేదు. విస్ట్ నియమావళి మనిషి లోభాన్ని నమ్మి నిలబడింది. ఇది మనిషి నిజాయితీని నమ్మి నిలబడవలసి ఉంది. లోభం ఎప్పుడూ ఉంటుందని తెలుసు గనుక మొదటి ఏర్పాటు గట్టిదన్నాను. రెండోదాన్ని గట్టిదని అనలేను. కాని పదమూడేళ్ళవాడు, ఎవరూ అడగకుండా, తన జట్టువాడికే నష్టం వచ్చే చోట దాన్ని పాటించడం చూశాను.

ఇప్పుడు విస్ట్‌లో భాగస్వామి అడిగే ప్రశ్న జ్ఞాపకం చేసుకోండి. "నడవలో క్లూ ఉందా" అని మా వాడు అడిగినది ఆ ప్రశ్నే. ఆ వేళ నాకది పేచీలా వినిపించింది.

*

ఇంతకూ ఆట ఏమయిందని పాఠకులు అడగవచ్చు. రోలండ్ మనసుకు గాయమయింది. రెండో ఘట్టం ఒక భయపు గుర్తుతోనే మొదలుపెట్టి ఎలాగో గట్టెక్కాము. మూడో ఘట్టంలో, అడవిలో, మనవడి పాత్ర అయిన గ్రంథాలయాధికారిణి డైసీ వాకర్ ఇంకా నిలబడి ఉండగా, నాకు అయిదో భయం పడింది. మొదట్లో ఆ ఒక్కటి లేకపోతే ఇంకో రౌండు ఆగేవాణ్ణి. రోలండ్ కార్డు తీసి పక్కన పెట్టాను. డైసీ ఒంటరిగా రెండు రౌండ్లు పోరాడింది. ఓడిపోయాము.

వాడు కార్డులు సర్దుతూ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజు నిన్ను తియ్యనిచ్చి ఉంటే గెలిచేవాళ్ళమేమో, తాతయ్యా," అన్నాడు. గొంతులో కొంచెం జీర ఉంది.

"గెలిచేవాళ్ళమేమో. ఎవరి మీద గెలిచామని మీ అమ్మకు చెప్పేవాడివి?"

వాడు నవ్వలేదు గాని, కవర్ అప్ కార్డును దొంతరలో పెట్టేముందు నాకు మరోసారి చూపించాడు.

మార్చిలో ఇంటికి తిరిగి వచ్చాను. అప్పటినుంచి ఆదివారం ఉదయాల్లో ఫోను మోగుతుంది. అక్కడ వాళ్ళకు శనివారం రాత్రి. స్నేహితులతో ఆడుతుంటే చిక్కు వచ్చిందంటాడు. కార్డు మీది వాక్యం ఇంగ్లీషులో నెమ్మదిగా చదివి వినిపిస్తాడు. ఆ కార్డులేవీ నేను చూసినవి కావు. 'బదులు' అన్న మాట వినపడితే మట్టుకు మొదట ఒకటే అడుగుతాను, స్థాని ఉందా అని. వెనక ఆ పిల్లలు ఆ మాటను తిప్పలు పడి పలుకుతూ ఒకరినొకరు అడగడం వినిపిస్తుంది.